స్టేటస్ పోగొట్టుకుని తిరిగివచ్చినవారు మళ్లీ ఎఫ్-1 (విద్యార్థి) వీసాకు వెళ్లేముందు చూసుకోవలసినవి

అమెరికాలో చదువు మధ్యలో స్టేటస్ (అక్కడ విద్యార్థిగా ఉండే హక్కు) పోయి ఇంటికి తిరిగివచ్చిన విద్యార్థి మళ్లీ వీసా ప్రయత్నం మొదలుపెడితే, ఇంట్లోవారూ కన్సల్టెన్సీవారూ ముందుగా అడిగేది ఇంటర్వ్యూ స్లాట్ ఎప్పుడు దొరుకుతుందనే. నిజానికి స్లాట్ ఆఖరి పని. మీ గురించి అక్కడి రికార్డులో ఏమి రాసి ఉందో మీకు తెలియకుండా కాన్సులేట్ మెట్లెక్కడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు, ఎందుకంటే మీరు కిటికీ ముందు నిలబడే సమయానికి ఆ రికార్డు అధికారి తెర మీద తెరిచే ఉంటుంది.

వీసా వేరు, స్టేటస్ వేరు. పాస్‌పోర్టులోని స్టాంపు దేశంలో అడుగుపెట్టడానికి అనుమతి కోరే పత్రం మాత్రమే. లోపలికి వెళ్లాక అక్కడ ఉండే హక్కు సెవిస్‌లోని (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ డేటాబేసు) మీ రికార్డు మీద ఆధారపడుతుంది. బ్యాచిలర్స్ విద్యార్థి యూనివర్సిటీ అనుమతి లేకుండా సెమిస్టరుకు 12 క్రెడిట్లకన్నా తక్కువ తీసుకున్నా, ఓపీటీలో (చదువుకు సంబంధించిన ఉద్యోగానికి ఇచ్చే తాత్కాలిక అనుమతి) ఉద్యోగం లేని రోజులు 90 దాటినా, అనుమతి లేకుండా పెట్రోల్ బంకులోనో రెస్టారెంటులోనో పనిచేసినా, స్టాంపు గడువు ఇంకా ఎన్నేళ్లున్నా స్టేటస్ పోతుంది. స్టాంపు మిగిలి ఉంది కదా అన్న ధైర్యంతో కొత్త ఐ-20 (ప్రవేశం ఇచ్చినట్టు యూనివర్సిటీ జారీచేసే ఫారం) పట్టుకుని విమానమెక్కేవారూ ఉన్నారు. ఆ వీసా ఈపాటికే రద్దయి ఉండవచ్చు. ఆ సమాచారం పాత దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిల్‌కు వచ్చి ఉండవచ్చు. ఆ ఈమెయిల్ కన్సల్టెన్సీవారిదైతే మీదాకా చేరి ఉండకపోవచ్చు. కాబట్టి ముందు ఆ ఇన్‌బాక్సు చూడండి.

తరువాత చేయవలసింది పాత యూనివర్సిటీ డీఎస్‌ఓకు (విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు చూసే అధికారి) మర్యాదగా ఒక ఈమెయిల్ రాయడం. నా సెవిస్ రికార్డును ఏ తేదీన, ఏ కారణం కింద మూసివేశారో రాతపూర్వకంగా తెలియజేయగలరా అన్న ఒక్క ప్రశ్న చాలు. ఆ కారణాన్ని బట్టి మీ కేసు స్వరూపమే మారిపోతుంది. డీఎస్‌ఓ అనుమతితో చదువు ఆపి, ఆ తరువాత ఇచ్చే 15 రోజుల్లో బయటికి వచ్చినవారి రికార్డు ఒక రకం. చెప్పకుండా క్లాసులు మానేసినవారిది మరొక రకం. అనుమతి లేని ఉద్యోగం అని నమోదైతే అది అన్నిటికన్నా బరువైనది. దీనితోపాటు ట్రాన్‌స్క్రిప్టు, ఐ-94 (అమెరికాలో అడుగుపెట్టినప్పుడు నమోదయ్యే రాకపోకల రికార్డు) ప్రయాణ చరిత్ర ప్రింటు, తిరిగివచ్చిన రోజు బోర్డింగ్ పాస్ ఒకచోట పెట్టుకోవాలి. 2025 ఏప్రిల్‌లో వేలాది విద్యార్థుల సెవిస్ రికార్డులు మూసివేసి, కోర్టు కేసుల తరువాత అదే నెల చివర తిరిగి తెరవడం మొదలుపెట్టారు; ఆ జాబితాలో ఉన్నవారు మూసిన తేదీనీ తెరిచిన తేదీనీ రెండింటినీ చూపించే కాగితాలు తప్పక దగ్గర ఉంచుకోవాలి.

స్టేటస్ పోయాక ఆరు నెలలు ఉంటే మూడేళ్ల నిషేధం, ఏడాది ఉంటే పదేళ్ల నిషేధం అన్న మాట మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తరచు తిరుగుతుంది. అది సగమే నిజం. 180 రోజులు దాటితే మూడేళ్లు, ఏడాది చేరితే పదేళ్లు అన్న లెక్క చట్టంలో ఉన్నదే. అయితే ఐ-94 మీద తేదీకి బదులు డీ/ఎస్ (స్టేటస్ ఉన్నంతకాలం) అని ఉన్న విద్యార్థికి ఆ లెక్క స్టేటస్ పోయిన రోజున మొదలుకాదు. యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే సంస్థ) ఏదైనా దరఖాస్తుపై నిర్ణయమిస్తూ ఉల్లంఘన జరిగిందని తేల్చినప్పుడో, ఇమిగ్రేషన్ జడ్జి ఉత్తర్వు ఇచ్చినప్పుడో దాని మరునాటి నుంచి మొదలవుతుంది. 2018లో ఈ పద్ధతిని మార్చబోతే 2020లో ఫెడరల్ కోర్టు అడ్డుకుంది. అందువల్ల అక్కడ ఉండగా రీఇన్‌స్టేట్‌మెంట్ (పోయిన స్టేటస్ తిరిగి పొందడం) కోసం ఐ-539 దరఖాస్తు వేసి, అది తిరస్కరణకు గురయ్యాక కూడా కొంతకాలం ఉండిపోయినవారు రోజులు లెక్కపెట్టించుకోవడానికి ఇమిగ్రేషన్ అటార్నీకి డబ్బు ఖర్చుపెట్టక తప్పదు. ఆ పని కన్సల్టెన్సీది కాదు.

ఆన్‌లైన్ వీసా దరఖాస్తు ఫారమైన డీఎస్-160లో, మీరు ఎప్పుడైనా అనుమతించిన గడువు మించి ఉన్నారా, లేదా వీసా షరతులను ఉల్లంఘించారా అన్న అర్థం వచ్చే ప్రశ్న ఒకటి ఉంటుంది. ఉల్లంఘన జరిగి ఉంటే దానికి అవును అనే సమాధానమివ్వాలి. కింద వచ్చే పెట్టెలో జరిగినది తేదీలతో నాలుగు వాక్యాల్లో రాయాలి. కాదు అని పెడితే ఎవరూ చూడరులే అని సలహా ఇచ్చేవారు ఉంటారు. స్టేటస్ ఉల్లంఘన నుంచి బయటపడే మార్గాలున్నాయి గానీ, అబద్ధం చెప్పి వీసా పొందజూశారని ఒకసారి రికార్డులో పడితే ఆ నిషేధానికి కాలపరిమితి లేదు. ఫారం నింపడంలో ఎవరైనా సహాయం చేశారా అని కూడా అందులోనే అడుగుతారు. ఎవరు నింపినా సంతకం మీదే కనుక సబ్మిట్ చేసేముందు ప్రతి పేజీ మీ కళ్లతో చదవండి. గత ఐదేళ్ల సోషల్ మీడియా ఖాతాల వివరాలు ఇవ్వాలి, 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా దరఖాస్తుదారులు వాటిని పబ్లిక్‌గా ఉంచాలి. పని అనుమతి లేని నెలల్లో మీరు ఫలానా కంపెనీలో డెవలపర్ అని లింక్డ్‌ఇన్ చెబుతుంటే, ఇంటర్వ్యూలో మీరు చెప్పే మాటకు ముందే అది సాక్ష్యమిస్తుంది. దాన్ని హడావిడిగా చెరిపేయడం కన్నా నిజం ఏమిటో తేల్చుకుని అటార్నీని అడగడం మంచిది.

కొత్త ప్రవేశమంటే కొత్త ఐ-20, కొత్త సెవిస్ నంబరు, మళ్లీ 350 డాలర్ల సెవిస్ రుసుము, దాని మీద 185 డాలర్ల వీసా రుసుము. సీపీటీకి (చదువుతుండగానే కోర్సులో భాగంగా చేసే ఉద్యోగానికి అనుమతి) అవసరమైన విద్యాసంవత్సరం లెక్క కూడా సాధారణంగా మొదటినుంచి వస్తుంది. ఇంత నష్టపోయాక త్వరగా అడ్మిషన్ ఇస్తామనే, మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చనే కాలేజీ వైపు మనసు లాగుతుంది. అలాంటివాటిలో ఒకటైన కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ 2011లో మూతపడినప్పుడు అధికారులచేత కాళ్లకు రేడియో పట్టీలు వేయించుకున్నవారిలోనూ, 2019లో అమెరికా అధికారులే నడిపిన ఫార్మింగ్‌టన్ అనే ఉత్తుత్తి యూనివర్సిటీలో చిక్కుకున్నవారిలోనూ మన పిల్లలు ఎక్కువమందే ఉన్నారు. ఒకసారి రికార్డు చెడినవారు అలాంటి పేరు ఐ-20 మీద తెచ్చుకోకూడదు.

ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాలే. 2025 సెప్టెంబరు నుంచి సొంత దేశంలోనో నివాసమున్న దేశంలోనో దరఖాస్తు చేయాలన్నది నియమం కనుక, మనవారు ఎక్కువమంది నానక్‌రామ్‌గూడ కాన్సులేటుకే వెళ్తారు. చదువు ఎందుకు ఆగిందని అడిగితే, "మా ప్రొఫెసర్ సహకరించలేదండీ, డీఎస్‌ఓ సరిగా చెప్పలేదు" అని మొదలుపెట్టినవారికి రెండో వాక్యం చెప్పే అవకాశం రాకపోవచ్చు. "నాన్నగారికి ఆపరేషన్ అయింది, ఆ సెమిస్టరు రెండు కోర్సులు వదిలేశాను, ముందుగా డీఎస్‌ఓ అనుమతి తీసుకోలేదు, అది నా తప్పు, మార్చిలో రికార్డు మూసివేశారు, ఏప్రిల్‌లో తిరిగివచ్చాను" అన్నది నిజమైతే అంతవరకే చెప్పి ఆగాలి. ఆసుపత్రి కాగితాలు అడిగితేనే ఇవ్వాలి. ఇంటర్వ్యూకు వారం ముందు ఖాతాలో పడిన పాతిక లక్షలు ఎక్కడివో ఇంట్లోవారు చెప్పలేకపోతే మీరూ చెప్పలేరు, అది ముందే సరిచూసుకోండి.

214(బి) కింద (విద్యార్థి వీసాకు అర్హులని అధికారిని ఒప్పించలేకపోయారని) తిరస్కరిస్తే అప్పీలు లేదు. మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు గానీ, పరిస్థితిలో ఏమీ మారకుండా పదిరోజుల్లో మరో స్లాటు పట్టుకోవడం 185 డాలర్లు పారేసుకోవడమే. 221(జి) కాగితం (మరిన్ని పత్రాలో పరిశీలనో కావాలని నిర్ణయం ఆపినట్టు) ఇస్తే అడిగినవి పంపి ఎదురుచూడాలి. వీసా చేతికి రాకుండా టికెట్ కొనవద్దు; కొన్నా, ఐ-20లోని ప్రారంభ తేదీకి 30 రోజులకన్నా ముందు దిగనివ్వరు. దిగినచోట సీబీపీ (అమెరికా సరిహద్దు తనిఖీ సంస్థ) అధికారి ఇవే ప్రశ్నలు మళ్లీ అడుగుతాడు కాబట్టి డీఎస్‌ఓ లేఖ, ట్రాన్‌స్క్రిప్టు, డీఎస్-160 ప్రతి ఉన్న ఫైలును చెక్-ఇన్ పెట్టెలో పచ్చళ్ల మధ్య కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి.