జీటీఏలో రాకెట్ లాంచర్: ముందు దూరం చూడండి, తర్వాత పేల్చండి

జీటీఏ ఫైవ్ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో అనే వీడియో గేమ్ సిరీస్‌లో ఐదోది)లో రాకెట్ లాంచర్ చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని ఎదురుగా ఆగి ఉన్న కారు మీద పేల్చడం, రెండో పని హాస్పిటల్ ముందు లేవడం. చంపింది పోలీసులు కాదు, తమ రాకెటే. పిస్టల్‌కైనా రైఫిల్‌కైనా గురి కుదిరితే చాలు, ఎంత దగ్గర్నుంచి కాల్చినా మీకేం కాదు. దీనితో అలా కుదరదు. గురి సంగతి తర్వాత, ముందు మీకూ టార్గెట్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడాలి, మీ ముక్కు ముందు ఏం అడ్డం ఉందో చూడాలి, అప్పుడే ట్రిగ్గర్.

ఇక్కడ రాసేది ఎక్కువగా జీటీఏ ఫైవ్ గురించే, స్టోరీ మోడ్ అయినా ఆన్‌లైన్ అయినా. 2013లో కన్సోళ్లకీ 2015లో పీసీకీ వచ్చిన ఆట ఇది, ఇప్పటికీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఉన్నారు. అదే సిరీస్‌లో పాత ఆట శాన్ ఆండ్రియాస్ వదలనివాళ్ల కోసం చివర్లో కొంచెం రాశాను, మన ఊళ్లలో నెట్ సెంటర్ల కాలం నుంచి దాన్నే ఆడుతున్నవాళ్లు తక్కువేం లేరు.

భుజం మీద పెట్టి కాల్చే రాకెట్లలో ఇందులో ముఖ్యంగా రెండున్నాయి. ఒకటి ఆర్పీజీ, అంటే మీరు ఎటు చూపిస్తే అటు నేరుగా పోయేది. రెండోది హోమింగ్ లాంచర్, బండిని లాక్ చేసి వదిలితే దాని వెంట పడేది, ఇది 2014 డిసెంబర్‌లో వచ్చిన క్రిస్మస్ అప్‌డేట్‌తో చేరింది. ఆర్పీజీకి గరిష్ఠంగా 20 రాకెట్లు పెట్టుకోవచ్చు, హోమింగ్‌కి 10 మాత్రమే. కొనేది అమ్యునేషన్ షాపులో. ఆన్‌లైన్‌లో ఆ షాపులో ఆర్పీజీ కొనాలంటే 100వ ర్యాంక్ దాకా ఆగాలి, కాబట్టి కొత్తవాళ్ల చేతికి ముందు హోమింగే వస్తుంది, అందుకే అదే గొప్పదన్న భ్రమ కూడా ముందే వచ్చేస్తుంది. స్టోరీ మోడ్‌లో డబ్బులు తగలేసే ముందు చేయి తిప్పి చూసుకోవాలనుకుంటే పీసీలో ఆయుధాల చీట్ 'టూల్ అప్' ఉంది, అందులో ఆర్పీజీ కూడా వస్తుంది. కాకపోతే చీట్ వాడాక ఆ సెషన్‌లో ట్రోఫీలు, అచీవ్‌మెంట్లు రావు, సేవ్ మళ్లీ లోడ్ చేసుకోవాలి.

ఇప్పుడు దూరం సంగతి. పేలుడు ఒక చుక్క దగ్గర ఆగదు, చుట్టూ ఒక గుండ్రంలో ఉన్న వాళ్లందరికీ తగులుతుంది, ఆ గుండ్రంలో మీరూ ఉంటే మీకూ తగులుతుంది. నా లెక్క ప్రకారం టార్గెట్‌కీ మీకూ మధ్య కనీసం నాలుగైదు కార్లు వరసగా పట్టేంత జాగా ఉండాలి. టార్గెట్ కారే అయితే ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే రాకెట్ పేలుడుతో పాటు కారు కూడా పేలుతుంది, పక్కన ఇంకో కారుంటే అదీ పేలుతుంది, ట్రాఫిక్ జామ్‌లో ఈ వరస మీ కాళ్ల దాకా వచ్చేస్తుంది. పెట్రోల్ బంకు దగ్గర అయితే అసలు చెప్పక్కర్లేదు, పంపులు కూడా పేలతాయి. ఎవడైనా మీ మీదకి పరిగెత్తుకొస్తుంటే లాంచర్ మార్చేసి షాట్‌గన్ తీయండి, దగ్గరికొచ్చినవాడి మీద రాకెట్ వాడితే ఇద్దరూ పోతారు.

దూరం సరిగ్గా ఉన్నా కూడా చచ్చే దారి ఇంకోటుంది, దీన్ని చాలామంది గమనించరు. స్క్రీన్ మధ్యలో ఉన్న గురి చుక్క కెమెరా చూసే చోటుది. రాకెట్ బయల్దేరేది మాత్రం మీ క్యారెక్టర్ భుజం మీద ఉన్న గొట్టం నుంచి. కెమెరాకి దారి ఖాళీగా కనిపిస్తున్నా గొట్టం ముందు గోడ అంచో, లైట్ స్తంభమో, కారు బానెట్టో ఉండొచ్చు, రాకెట్ దానికి తగిలి అక్కడే పేలుతుంది. కెమెరా కుడి భుజం వెనక ఉంటుంది కాబట్టి గోడ చాటు నుంచి కాల్చాలంటే గోడ మీ ఎడమ వైపు ఉండేలా నిలబడి, కుడి అంచు నుంచి బయటికి రండి. గోడ కుడి వైపు ఉంటే పూర్తిగా బయటికి వచ్చాకే పేల్చండి. కారు వెనక కూర్చుని కవర్ తీసుకుని ఆ కారు మీదుగా రాకెట్ వదలడం నాకు ఎప్పుడూ నచ్చదు. మామూలు తుపాకీకి కవర్ మంచిదే, రాకెట్‌కి మాత్రం నిలబడి, అడ్డం లేకుండా చూసుకుని, పేల్చి, మళ్లీ చాటుకి వెళ్లడమే మేలు. మేడ మీద నుంచి కిందికి కాల్చేటప్పుడు కూడా ఇదే గొడవ, పిట్టగోడకి మరీ వెనకగా నిలబడితే రాకెట్ పిట్టగోడకే తగులుతుంది, అంచు దాకా రావాల్సిందే.

ఆర్పీజీతో నేల మీద టార్గెట్లు కొట్టడానికి ఒకే సూత్రం: మనిషి ఛాతీకి గురి పెట్టకండి, కాళ్ల దగ్గర నేలకి పెట్టండి. ఛాతీకి పెట్టి ఒక్క అంగుళం తప్పితే రాకెట్ పక్కనుంచి వెళ్లిపోయి ఎక్కడో దూరంగా పేలుతుంది. నేలకి పెడితే కాస్త అటూ ఇటూ అయినా పేలుడు వాళ్లకి తగులుతుంది. వెనక గోడ ఉంటే గోడకి పెట్టినా సరే. కదిలే కార్లకీ ఇంతే, మీ వైపే నేరుగా వచ్చే కారు, మీ నుంచి నేరుగా పోయే కారు సులువు, అది ఉన్న చోటే గురి పెడితే చాలు. అడ్డంగా పోయే కారు కష్టం, రాకెట్ అక్కడికి చేరేలోపు అది ముందుకి పోతుంది కాబట్టి కారు ముందున్న రోడ్డు మీద కొట్టాలి, ఎంత ముందు అనేది వేగాన్ని బట్టి, ఇది చదివితే రాదు, ఆటలోని పెద్ద హైవే సెనోరా ఫ్రీవే మీద ఏదైనా వంతెన ఎక్కి నిలబడి కొన్ని రాకెట్లు ఖర్చు పెడితే వస్తుంది. అలా ప్రాక్టీస్ చేసే ముందు సేవ్ చేసుకోండి, రాకెట్లు ఊరికే రావు.

స్టోరీ మోడ్‌లో మనం ఆడే ముగ్గురు హీరోల్లో మైకేల్‌గా ఆడుతుంటే అతని స్పెషల్ ఎబిలిటీ వాడండి, టైమ్ నెమ్మదిస్తుంది, అడ్డంగా పోయే కారు కూడా అప్పుడు తేలికవుతుంది. పీసీలో క్యాప్స్ లాక్, కన్సోల్‌లో రెండు స్టిక్‌లూ ఒకేసారి నొక్కాలి. ఫ్రాంక్లిన్‌ది డ్రైవింగ్‌కే పనికొస్తుంది, ట్రెవర్‌ది దెబ్బలు తక్కువ తగలడానికి, కాబట్టి రాకెట్ పనికి మైకేలే.

ఒక రాకెట్ వదిలాక ఆర్పీజీని మళ్లీ నింపుకోవాలి, ఆ కొన్ని క్షణాలు మీరు ఖాళీ చేతులతో ఉన్నట్టే లెక్క. శత్రువు ఒక్కడే మిగిలుంటే రీలోడ్ కోసం ఎదురు చూడకుండా రైఫిల్‌కి మారిపోండి. వెపన్ వీల్‌లో, అంటే ఆయుధం ఎంచుకునే చక్రంలో, లాంచర్లన్నీ ఒకే హెవీ స్లాట్‌లో ఉంటాయి, గొడవ మొదలవక ముందే ఆ స్లాట్‌లో మీకు కావాల్సింది పైకి తెచ్చి పెట్టుకోండి. లేకపోతే ఆన్‌లైన్‌లో టెన్షన్‌లో వీల్ తెరిచి మినీగన్‌కీ హోమింగ్‌కీ మధ్య తిప్పుకుంటూ నిలబడతారు, అక్కడ మీ కోసం టైమ్ నెమ్మదించదు.

పోలీసులు మీ వెంట ఎంత గట్టిగా పడుతున్నారో స్క్రీన్ మీద స్టార్లు చూపిస్తాయి, పోలీసు హెలికాప్టర్లు 3 స్టార్ల దగ్గర మొదలవుతాయి. గాల్లో ఉన్నదానికి 'నేలకి కొట్టు' సూత్రం పనికిరాదు, నేరుగా తగలాలి. హెలికాప్టర్ తిరుగుతున్నప్పుడు కాకుండా, మీ మీద కాల్పులకి ఒకే చోట ఆగి తేలుతున్నప్పుడు పేల్చండి, ఒక్క రాకెట్ చాలు. పడేటప్పుడు అది ఎటు వస్తుందో కూడా చూసుకోండి, నెత్తి మీదే ఉన్నప్పుడు కొడితే ముక్కలు మీ దగ్గరికే వస్తాయి. ఇక్కడ నా అభిప్రాయం ఒకటుంది: తప్పించుకోవడమే పని అయితే హెలికాప్టర్లని కూల్చుకుంటూ పోవడం వృథా, ఇంకోటి వస్తుంది, స్టార్లు పెరుగుతాయి. ఒక్కటి కూల్చి, అది పోయిన ఖాళీలో మెట్రో సొరంగంలోకో ఫ్లైఓవర్ కిందకో దూరిపోవడం, అంతే. ఊరికే నిలబడి యుద్ధం చేయాలనుకుంటే అది వేరే సరదా, దానికి నేనేం అడ్డు చెప్పను.

హోమింగ్ లాంచర్ విషయానికొస్తే, ఇది మనుషులని లాక్ చేయదు, బండ్లనే చేస్తుంది. గురి పెట్టి, బండిని ఆ ఫ్రేమ్‌లో ఉంచి, బీప్ మారి గుర్తు ఎర్రబడే దాకా ఆగాలి. ఈ ఆగడమే చాలామందికి చేతకాదు, లాక్ కాకముందే వదిలేస్తారు, అప్పుడది మామూలు రాకెట్‌లా నేరుగా పోతుంది. లాక్ అయ్యాక కూడా రాకెట్ అద్భుతాలు చేయదు. అది తిరగగలిగే మలుపుకి ఒక హద్దు ఉంది, కాబట్టి మీకు మరీ దగ్గరగా అడ్డంగా దూసుకుపోయే జెట్‌ని అది అందుకోలేదు. జెట్ మీ మీదుగా దాటి దూరమవుతున్నప్పుడు వదలండి, లేదా దూరం నుంచి మీ వైపే వస్తున్నప్పుడు. భవనాల మధ్య కిందుగా ఎగిరే హెలికాప్టర్ మీదకి వదిలితే రాకెట్ దారిలో ఉన్న గోడకి కొట్టుకుంటుంది, అది ఖాళీలోకి వచ్చే దాకా ఓపిక పట్టండి. ఇదే విషయాన్ని తిప్పి చూస్తే, మీరు గాల్లో ఉన్నప్పుడు లాక్ అయిన చప్పుడు వినిపిస్తే ఏం చేయాలో కూడా తెలుస్తుంది: వెంటనే కిందికి దిగి ఒక బిల్డింగ్ వెనక్కి తిరగాలి.

ఆన్‌లైన్‌లో హోమింగ్ పనికిరాని సందర్భాలు ఏడాదికేడాది పెరిగాయి. కొన్ని విమానాలకి, ఒప్రెసర్ మార్క్ టూ అనే మిస్సైళ్లున్న ఎగిరే బైక్‌కి చాఫ్, ఫ్లేర్ల లాంటివి ఉంటాయి. చాఫ్ వేసినప్పుడు కాసేపు లాక్ కాదు, ఫ్లేర్ వేస్తే వెళ్తున్న రాకెట్ దారి తప్పుతుంది. అవతలివాడు ఫ్లేర్ వేయగానే రెండోది వదలకండి, అయిపోయే దాకా ఆగి వదలండి. 2021 డిసెంబర్‌లో వచ్చిన ఇమానీ టెక్, అంటే కొన్ని బండ్లకి మాత్రమే పెట్టించుకోగలిగే పరికరాలు, ఇంకా పెద్ద అడ్డంకి, ఆ బండ్లలో లాక్‌ని అడ్డుకునే జామర్ పెట్టించుకున్నవాళ్లని హోమింగ్ అసలు లాక్ చేయలేదు, మీరు ఎంతసేపు ఫ్రేమ్‌లో ఉంచినా బీప్ మారదు. అలాంటి బండి కనిపిస్తే హోమింగ్ పక్కన పెట్టి ఆర్పీజీ తీయండి, నేరుగా పోయే రాకెట్‌ని ఏ జామరూ ఆపలేదు. ఆర్మర్డ్ కురుమా అనే కారు తూటాలకి గట్టిది కానీ ఒక్క రాకెట్‌కి పోతుంది. నైట్‌షార్క్, ఇన్‌సర్జెంట్ లాంటి కవచం బండ్లు మాత్రం పూర్తి ఆర్మర్‌తో ఉంటే మీ దగ్గరున్న పది హోమింగ్ రాకెట్లూ మింగేసి ముందుకి పోతాయి, వాటితో లాంచర్ పోరాటం పెట్టుకోకండి.

మార్క్ టూ గురించి ఒక మాట. 2022 జులై అప్‌డేట్‌లో దాని మిస్సైళ్ల పట్టు తగ్గించారు, ఫ్లేర్లు, చాఫ్ మళ్లీ సిద్ధమయ్యే టైమ్ పెంచారు. అంటే ఇప్పుడు దాన్ని నేల మీద నుంచి ఎదుర్కోవడం మునుపటికన్నా నయం. అయినా ఖాళీ రోడ్డు మీద నిలబడి దానికి లాక్ వేయడానికి ప్రయత్నించడం ఓడిపోయే ఆటే, ఒక పైకప్పు కిందో పార్కింగ్ లోపలో ఉండి, అది వెతుక్కుంటూ కిందికి దిగి నెమ్మదించినప్పుడు ఆర్పీజీతో కొట్టండి.

ఇంకోటి, ఆన్‌లైన్‌లో వేరే ఆటగాళ్ల సొంత కార్లని సరదాకి పేల్చకండి. బ్యాడ్ స్పోర్ట్ లెక్క, అంటే చెడ్డగా ఆడేవాళ్లకి ఆట పెట్టే లెక్క, పెరుగుతుంది, దాటిపోతే మీలాంటివాళ్లందరినీ పడేసే లాబీలోకి పంపి, తలమీద శంకువు లాంటి టోపీ పెడతారు. ఆయుధాలున్న బండ్లకి ఈ లెక్క ఉండదు, కాబట్టి మీ మీదకి వచ్చిన మార్క్ టూని నిశ్చింతగా కూల్చుకోవచ్చు.

శాన్ ఆండ్రియాస్‌లోనూ రెండు రకాలే, మామూలు రాకెట్ లాంచర్, హీట్ సీకింగ్ రాకెట్ లాంచర్. రెండూ ఒకే స్లాట్ కాబట్టి ఒకటే ఉంచుకోగలరు, ఫ్లేమ్‌త్రోయర్, మినీగన్ కూడా అదే స్లాట్, ఏది తీసుకుంటే పాతది పోతుంది. గురి పెడితే ఫస్ట్ పర్సన్ వ్యూలోకి వెళ్తుంది, అప్పుడు చుట్టుపక్కల ఏం జరుగుతోందో కనిపించదు, అందుకే వెనక గోడ ఉన్న చోటు చూసుకుని నిలబడండి. పీసీలో ఆట నడుస్తుండగానే ఎల్ ఎక్స్ జి ఐ డబ్ల్యూ వై ఎల్ కొడితే వచ్చే ఆయుధాల్లో మామూలు లాంచర్ ఉంటుంది, యు జెడ్ యు ఎం వై ఎం డబ్ల్యూ కొడితే వచ్చేవాటిలో హీట్ సీకింగ్ ఉంటుంది. రెండోది కొడితే స్లాట్‌లో ఉన్న మొదటిది పోతుంది, అది గుర్తుంచుకోండి.

'రాకెట్‌మేహెమ్' అనే చీట్ కూడా ఉంది, రోడ్డు మీద పోయే ఎవరినైనా గ్యాంగ్‌లో చేర్చుకోవచ్చు, వాళ్లందరి చేతుల్లో రాకెట్ లాంచర్లు ఉంటాయి. దూరం గురించి పైన చెప్పింది ఒక్కటీ వాళ్లకి తెలియదు, మీ పక్కనున్న పోలీసు మీద కూడా పేల్చేస్తారు. ముందు వేరే సేవ్ పెట్టుకోండి, చేర్చుకున్నాక హెచ్ నొక్కితే వాళ్లు ఉన్న చోటే ఆగుతారు, మీరు వీధి చివరికి పరిగెత్తి, పోలీసులు వాళ్ల దగ్గరికి చేరేదాకా అక్కడి నుంచే చూడండి.