మేరీవిల్‌కు ఎంఎస్ చదవడానికి వస్తున్నవారికి

నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్ యూనివర్సిటీలో సీటు వచ్చిందా? అయితే సినిమాల్లో చూసిన ఆకాశహర్మ్యాలను కాసేపు మరచిపొండి. అది ఉన్న ఊరు, అమెరికాలోని మేరీవిల్, జనాభా దాదాపు పదివేలు. ఊరు దాటితే మొక్కజొన్న, సోయా చేలు. రైలు లేదు. కాన్సాస్ సిటీ విమానాశ్రయంలో దిగి, అక్కడి నుంచి కారులో ఉత్తరంగా గంటన్నర దాకా రావాలి. చవకగా దొరికిందని అర్ధరాత్రి దిగే టికెట్ కొనకండి. ఆ వేళ తీసుకెళ్లేవారు లేక కుర్చీలో తెల్లవార్లూ జాగారం చేసినవాడిని నేను.

ఊరు చిన్నదే కానీ కంప్యూటర్ల విషయంలో వెనకబడిందేమీ కాదు. 1905లో ఉపాధ్యాయ శిక్షణ కోసం పుట్టిన ఈ ప్రభుత్వ సంస్థ 1987లోనే హాస్టల్ గదుల్లోకి కంప్యూటర్ నెట్‌వర్కును తెచ్చింది. అమెరికాలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఆ పని మొదట చేసింది ఇదే. ఫీజులో భాగంగా ల్యాప్‌టాప్, పాఠ్యపుస్తకాలు అద్దెకిచ్చే పద్ధతీ ఉంది. కాబట్టి హైదరాబాద్‌లో లక్ష రూపాయలు పోసి కొత్త ల్యాప్‌టాప్ కొనే ముందు, మీకు ఏమేమి ఇస్తారో ఈమెయిల్ రాసి కనుక్కోండి.

అసలు జాగ్రత్త పడవలసింది అసైన్‌మెంట్ల దగ్గర. బీటెక్‌లో స్నేహితుడి రికార్డు తెచ్చుకుని రాత్రికి రాత్రి దించేయడం మనకు తప్పుగా తోచదు, ఇవ్వనివాడే చెడ్డవాడవుతాడు. ఇక్కడ ఇచ్చినవారూ తీసుకున్నవారూ ఇద్దరూ ఇరుక్కుంటారు. వేరియబుల్ పేర్లు మార్చేస్తే సరిపోతుందనుకోవద్దు, పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ చూసేది కోడ్ అల్లికను. రూమ్‌మేట్‌తో ఎంతవరకు చర్చించవచ్చన్నది ఒక్కో ప్రొఫెసర్ ఒక్కో రకంగా నిర్ణయిస్తారు. కోర్సు మొదట్లో ఇచ్చే సిలబస్ పత్రంలో రాసే ఉంటుంది, మొదటి వారమే చదవండి. అర్థం కానప్పుడు ప్రొఫెసర్ ఆఫీసు వేళల్లో వెళ్లండి. గుమ్మం దగ్గరే తటపటాయించకుండా కోడ్ తెరిచి, ఎక్కడ ఆగిపోయారో చూపించండి. పేరు పెట్టి పిలిచే గురువులు దొరకడం చిన్న క్యాంపస్‌లో ఉన్న సుఖం.

ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా, నియమాల్లో కొన్ని నోటికి వచ్చి ఉండాలి. సెమిస్టర్‌కు తీసుకునే చదువు 9 క్రెడిట్లకు తగ్గకూడదు, పూర్తిగా ఆన్‌లైన్‌లో జరిగే తరగతులు ఎన్ని తీసుకున్నా అందులో ఒక్కటి మాత్రమే లెక్కకు వస్తుంది. ఇల్లు మారితే 10 రోజుల్లో విశ్వవిద్యాలయానికి తెలియజేయాలి. తరగతులు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. అనుమతి లేకపోయినా పెట్రోల్ బంకులో చేతికి డబ్బిస్తారు, ఎవరికీ తెలియదు అని చెప్పే అన్న ఒకరు తప్పకుండా తగులుతారు. వీసా చిక్కులో పడిన రోజు ఆ అన్న ఫోను ఎత్తడు. చదువు అయ్యాక ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసే అనుమతి, 12 నెలలు, కంప్యూటర్ సైన్స్ వారికి ఆపైన మరో 24 నెలల పొడిగింపు దొరుకుతుంది. ఇంత అవకాశాన్ని గంటల కూలికి పణం పెట్టకండి.

జనవరి చలికి మన ఊరి స్వెటర్ ఆగదు. కోటు ఇక్కడికి వచ్చాకే కొనండి. బియ్యం, పాలు వాల్‌మార్ట్‌లో దొరుకుతాయి. కందిపప్పు, కరివేపాకు కావాలంటే నలుగురూ కలిసి పెట్రోల్ ఖర్చు పంచుకుని కాన్సాస్ సిటీ శివారులోని ఓవర్‌లాండ్ పార్క్ దాకా వెళ్లాలి. కుక్కర్‌తో పాటు రెండు గాస్కెట్లు తెచ్చుకోండి. పోపు వేసే ముందు మాత్రం కిటికీ తెరవండి. మా మొదటి పప్పుచారుకు పొగ అలారం మోగి, పక్క ఫ్లాటువాళ్లు చెప్పులు కూడా లేకుండా మంచులోకి పరుగెత్తారు.