తెల్లవారుజాము ఫ్లైటుకు అనంతపురం నుంచి: పొగమంచు కాలం జాగ్రత్తలు

బెంగళూరు నుంచి ఢిల్లీకి ఆకాశంలో దూరం సుమారు 1,700 కిలోమీటర్లు. టికెట్‌లో చూపే ప్రయాణం రెండుముప్పావు గంటలు. మన అనంతపురం నుంచి దేవనహళ్లిలోని బెంగళూరు ఎయిర్‌పోర్టుకు 180 కిలోమీటర్లే, కానీ కారులో దానికే మూడు గంటలు. డిసెంబర్, జనవరిలో అయితే నాలుగు వేసుకోండి.

పోయిన జనవరిలో మా తమ్ముణ్ణి ఏడు గంటల ఫ్లైటుకు దించడానికి వెళ్లాం. మరూరు టోల్‌గేటు దాటాం, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర టీ తాగాం, అంతా బాగానే ఉంది. బాగేపల్లి దాటాక ముందు లారీ వెనక ఎర్రలైటు తప్ప ఏమీ కనపడలేదు. ఇరవై స్పీడులో పాక్కుంటూ పోయి, కౌంటర్ దగ్గరికి చేరేసరికి 6:04. మూసేశారు. ఆ ఫ్లైటు లేచింది మాత్రం 7:50కి!

అందుకే చెప్తున్నా, పొగమంచుకు ఫ్లైటు ఆలస్యమవుతుందిలే అని మీరు నిదానించొద్దు. దేశంలో తిరిగే విమానాలకు చెక్-ఇన్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. ఆలస్యమని మెసేజ్ వచ్చినా పాత టైముకే చేరండి. లెక్క వెనకనుంచి వేయండి: ఏడుకు ఫ్లైటంటే ఐదుకల్లా అక్కడుండాలి, అంటే ఒంటిగంటకు ఇల్లు వదలాలి. డ్రైవర్ పగలంతా బండి తోలి వచ్చినవాడైతే అసలు ఒప్పుకోవద్దు. మూడు, నాలుగు గంటల మధ్య రెప్ప వాలిందంటే పొగమంచు కంటే అదే ప్రమాదం.

మంచులో హైబీమ్ వేస్తే వెలుతురు తిరిగి మన కళ్లలోనే కొడుతుంది, డిమ్‌లోనే పోండి. రోడ్డు అంచున ఆపొద్దు, పెట్రోల్ బంకులోకి దిగండి.

ఢిల్లీలో ఇంకో ఫ్లైటు మారేవాళ్లకు అసలు టెన్షన్ అక్కడే. ఈ నెలల్లో ఢిల్లీ మంచు మన మంచులాంటిది కాదు. రెండూ ఒకే బుకింగ్‌లో ఉంటే కంపెనీ ఏదో దారి చూపిస్తుంది. విడివిడిగా కొన్నారా, రెండోది మీకోసం ఆగదు, డబ్బులూ పోతాయి. మధ్యలో ఐదారు గంటలైనా పెట్టుకోండి. పెళ్లికో ఇంటర్వ్యూకో అయితే ముందురోజే వెళ్లడం మేలు.

దుబాయ్ వెళ్లేవాళ్లు టికెట్‌లో నాలుగుకు లేచి ఆరున్నరకు దిగుతుందని చూసి రెండున్నర గంటలే అనుకుంటారు. దిగే టైము అక్కడి గడియారం ప్రకారం వేస్తారు, అది మనకంటే గంటన్నర వెనక. ప్రయాణం నాలుగు గంటలు.

తేదీ కూడా రెండుసార్లు చూసుకోండి. 12వ తేదీ 00:40 అంటే 11న రాత్రి భోజనానికి ముందే బయలుదేరాలి. మా వీధిలో ఒకాయన 12 సాయంత్రం సూట్‌కేసు కట్టుకుని, చుట్టాలందరికీ చెప్పి కారెక్కాడు.