వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు

ఇంజినీరింగ్ ప్రవేశపరీక్ష ఈఏపీసెట్ ఫలితాలు రాకముందే, సీట్లు నింపుకోవడానికి కాలేజీల పీఆర్వోలు ఊళ్లలోకి దిగుతారు. హాల్‌టికెట్ నంబరు, పుట్టిన తేదీ రాసుకుని, "ఆప్షన్లు మేమే పెడతాంలే అన్నా, మీకెందుకు తిప్పలు" అంటారు. ఆప్షన్లంటే కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో మనకు కావాల్సిన కాలేజీ, బ్రాంచిలను వరుసగా పెట్టుకోవడం. వాళ్ల కాలేజీని ఒకటో నంబరులో పెట్టి ఫ్రీజ్ కొడితే, అంటే జాబితాను ఖాయం చేసేస్తే, పిల్లోడి ర్యాంకు అక్కడికే సరి. కాబట్టి రిజిస్ట్రేషన్‌లో ఇంట్లో ఉండే ఫోను నంబరే ఇవ్వండి. ఓటీపీ, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దు. నెట్ సెంటర్‌లో చేస్తే లాగౌట్ అయ్యాకే కుర్చీలోంచి లేవండి.

కాగితాల్లో మనవైపు ఎక్కువగా తగిలే చిక్కు లోకల్, అంటే ఏ యూనివర్సిటీ ప్రాంతం వాళ్లమన్నది. కర్నూలు, అనంతపురం, కడప మూడూ ఎస్వీయూ (తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం) పరిధిలోవి. కన్వీనర్ సీట్లలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే సీట్లలో, 85 శాతం లోకల్ వాళ్లకే. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, వరుసగా ఈ నాలుగేళ్లూ ఈ పరిధిలో చదివి ఉండాలి. రాయదుర్గం, ఆదోని వైపు పిల్లలు తొమ్మిది కర్ణాటకలోని బళ్లారిలో చదివి పదికి ఇటు వస్తుంటారు. అక్కడ వరుస తెగుతుంది. అలాంటివాళ్లు ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లన్నీ తీసుకుని, సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు ముందే హెల్ప్‌లైన్ సెంటర్‌లో అడగాలి. నాన్‌లోకల్ అని తేలితే మిగతా 15 శాతానికి పోటీ పడాలన్నా తల్లిదండ్రుల్లో ఒకరి పదేళ్ల నివాస ధ్రువపత్రం కావాలి. అది తహసీల్దార్ ఆఫీసులో ఒక్కపూటలో చేతికొచ్చే కాగితం కాదు.

ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన అగ్రవర్ణాల కోటా) సర్టిఫికెట్ ఈ ఆర్థిక సంవత్సరానిదై ఉండాలి, పోయినేడాదిది చెల్లదు. పది మెమోలో 'షేక్', ఆధార్‌లో 'షైక్' అని ఉంటే ఇప్పుడే ఆధార్‌ను మెమోకు తగ్గట్టు మార్పించండి.

ఇక ఆప్షన్ల వరుస. ర్యాంకు వంతు రాగానే కంప్యూటర్ మీ జాబితాను పైనుంచి చూస్తూ వస్తుంది. మీ కేటగిరీలో సీటు ఎక్కడ మొదట దొరికితే అక్కడ ఆగిపోతుంది, దానికింద ఎంత మంచి కాలేజీ ఉన్నా చూడదు. "వచ్చేది పైన పెడదాం" అనేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. రాదనుకున్నది పైన పెట్టినా పోయేదేమీ లేదు. జేఎన్‌టీయూ అనంతపురంలో సివిల్ కావాలా, కర్నూలు పుల్లారెడ్డి కాలేజీలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) కావాలా అన్నది ఇంట్లో తేలాకే మౌస్ పట్టుకోండి.

గతేడాది చివరి ర్యాంకుల పట్టికలో ఓసీ అబ్బాయిలకు ఒక గడి, బీసీ-ఏ అమ్మాయిలకు ఒక గడి, ఇలా విడివిడిగా ఉంటాయి. పక్క గడి చూసి దిగులుపడేవాళ్లే ఎక్కువ. మీ ర్యాంకు 30,000 అనుకుంటే, మీ గడిలో 15,000 దగ్గర ఆగినవాటి నుంచి 60,000 దాకా వెళ్లినవాటి వరకు నోటుబుక్కులో రాసుకోండి. నలభై, యాభై ఆప్షన్లు ఎక్కువేం కాదు. సీఎస్‌ఈ, సీఎస్‌ఈ డేటా సైన్స్, ఏఐ-ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషిన్ లెర్నింగ్) వేర్వేరు కోడ్‌లతో ఉంటాయి. కావాల్సిన ప్రతిదాన్నీ విడిగా పెట్టాలి.

గేటు దగ్గర ఫ్లెక్సీ చూసి కాలేజీని నమ్మొద్దు. నాణ్యతను చూసే సంస్థలు రెండున్నాయి. న్యాక్ గ్రేడ్ కాలేజీ మొత్తానికి, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచికి ఇస్తారు. మీ బ్రాంచికి ఎన్‌బీఏ ఉందా, గడువు ఎప్పటిదాకా అని అడగండి. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లొస్తే ప్లేస్‌మెంట్ బోర్డు మీద మూడుగా లెక్కేసే చోట్లున్నాయి. ఆ బ్రాంచిలో ఎంతమంది చదివారు, ఎంతమంది ఉద్యోగంలో చేరారు, మధ్యస్థ జీతం (వరుసలో సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్లది) ఎంత, ఈ మూడూ చెప్పలేకపోతే అనుమానించాల్సిందే. పనిరోజున పదకొండింటికి వెళ్లి ల్యాబులో పిల్లలున్నారో లేదో చూసిరండి.

ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాకే. మేనేజ్‌మెంట్ సీటుకు కూడా ఇప్పిస్తామన్న మాట నమ్మి డబ్బు కట్టొద్దు. బస్సు, హాస్టల్ ఖర్చు దాని కిందికి రాదు. నాలుగేళ్లకు ఎంతవుతుందో ముందే కలిపి చూసుకోండి.

సీటొచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (ఈ సీటు తీసుకుంటున్నామని మనమే నమోదు చేయడం), ఆ తర్వాత కాలేజీలో రిపోర్టింగ్, రెండూ గడువులోపే చేయాలి. ఒకటి తప్పినా సీటు పోతుంది. రెండో విడతలో ఆప్షన్లు పెట్టి మరో సీటొస్తే మొదటిది దానంతటదే రద్దవుతుంది, వెనక్కి రాదు. అప్పటికే చేతిలో ఉన్న సీటుకంటే నిజంగా మేలైనవే అప్పుడు పెట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకునే హక్కు కాలేజీకి లేదు. చూపించి వెనక్కి తెచ్చుకోండి, జిరాక్స్ సెట్లు ఐదారు చేతిలో ఉంచుకోండి.