గయ నుంచి బుద్ధగయ వెళ్తున్నారా? మొనాస్టరీల్లో అడుగుపెట్టే ముందు

మనవాళ్లలో చాలామంది బుద్ధగయకు బుద్ధుడి కోసం వెళ్లరు. గయలో పిండాలు పెట్టి, విష్ణుపాదం దర్శనం చేసుకుని, రైలుకి ఇంకా టైముంది కదా అని ఆటో మాట్లాడుకుంటారు. దూరం పన్నెండు, పదమూడు కిలోమీటర్లే. శ్రాద్ధం ముగించుకుని చేరేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది. మొదటిసారి మేమూ అలాగే వెళ్లాం. థాయ్ మొనాస్టరీ (బౌద్ధ మఠం) గేటు మూసేశారు. సరే అని పెద్ద బుద్ధ విగ్రహం దగ్గరికి పోతే అక్కడా తాళమే. మా అత్తయ్యకు గేటు సందులోంచి ఎనభై అడుగుల బుద్ధుడు కనబడ్డాడు, అదే దర్శనం అనుకుని దండం పెట్టుకుంది.

అందుకని మొదటి జాగ్రత్త టైము గురించే. బుద్ధగయలో వేర్వేరు బౌద్ధ దేశాల వాళ్లు కట్టుకున్న మొనాస్టరీలు చాలావరకు పన్నెండు నుంచి రెండు గంటల దాకా మూసి ఉంటాయి. థాయ్, బర్మా, శ్రీలంక సంప్రదాయాల్లో (వీటినే థేరవాదం అంటారు) భిక్షువులు మధ్యాహ్నం లోపలే భోజనం ముగించాలి, ఆ తర్వాత మర్నాటి దాకా అన్నం ముట్టరు. అది వాళ్ల ఇల్లు, వాళ్ల దినచర్య. మనం చూడటానికి వచ్చామని గేటు తీయరు, బతిమాలడం కూడా బాగోదు. కుదిరితే ఒక రాత్రి అక్కడే ఉండండి. బుద్ధుడికి జ్ఞానోదయమైన చోట ఉన్న మహాబోధి ఆలయం తెల్లవారుజామున ఐదింటికే తెరుస్తారు. చీకట్లో బోధివృక్షం కింద కూర్చుని, ఎనిమిది దాటాక మొనాస్టరీలు మొదలుపెడితే పదకొండున్నరకల్లా నాలుగైదు నిదానంగా చూడొచ్చు. ఒక పూటలో పదిహేను దేశాల గుళ్లు తిప్పుతానని ఆటోవాలా అంటాడు. ఒప్పుకోకండి, గోపురాల ఫొటోలు తప్ప ఏమీ మిగలదు.

ఇక కాలం. మే, జూన్ నెలల్లో పెద్దవాళ్లను తీసుకెళ్లొద్దు. 2019 జూన్‌లో వడగాడ్పులకు గయ జిల్లాలో జనం పగటిపూట బయట తిరగకుండా 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. అక్కడి ఎండ మనకు అలవాటైన ఎండే కదా అనుకుంటాం గానీ, గుడిగుడికీ చెప్పులు విప్పి పాలరాతి మీద నడవాలి. మందపాటి సాక్సు ఒక జత సంచిలో ఉంటే ప్రాణం హాయిగా ఉంటుంది. మహాలయ పక్షాల్లో గయ కిటకిటలాడుతుంది, గది దొరకడమే గగనం, పైగా వానలు పోయీ పోకముందు కాబట్టి దోమలు దండిగా ఉంటాయి. సాయంత్రం నిండు చేతుల బట్టలు వేసుకుని, దోమల క్రీము రాసుకోండి.

డిసెంబరు, జనవరి అసలు సీజను. టిబెట్, భూటాన్, లడఖ్ వాళ్లంతా దిగుతారు, పెద్ద ప్రార్థనలు జరుగుతాయి. 2017 జనవరిలో దలైలామా టిబెట్ బౌద్ధుల కాలచక్ర దీక్ష ఇచ్చిందీ ఇక్కడే. అలాంటి రోజుల్లో ఊరు ఊరులా ఉండదు, గది రేట్లు చెప్పనలవి కాదు, వాహనాలను దూరంగానే ఆపేస్తారు. చలి మన సంక్రాంతి చలి కాదు. స్వెటరుతో పాటు మంకీ క్యాపు ఉండాల్సిందే. పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. డీడీయూ జంక్షన్‌లో, అంటే పాత మొఘల్‌సరాయ్‌లో, బండి మారాల్సిన వాళ్లు రెండు రైళ్ల మధ్య కనీసం సగం రోజు ఎడం పెట్టుకోండి.

మహాబోధి ఆలయంలోకి సెల్‌ఫోను తీసుకెళ్లనివ్వరు. 2013 జులై 7న ఆలయంలోనూ చుట్టుపక్కలా వరుస పేలుళ్లు జరిగాయి, ఈ కట్టుదిట్టాలన్నీ ఆ తర్వాత వచ్చినవే. ఫోను గదిలో వదిలెయ్యండి, లేదా బయటి కౌంటర్లో పెట్టి టోకెను తీసుకోండి. ఇక్కడే మనవాళ్లు చిక్కుల్లో పడతారు. ఫోను లేకపోతే డ్రైవరును పిలవలేం, తప్పిపోయిన మామయ్యను వెతకలేం, పూలు కొనడానికి ఫోన్‌పే చేయలేం. లోపలికి వెళ్లే ముందే ‘తప్పిపోతే ఈ గేటు దగ్గర కలుద్దాం’ అని చోటు అనుకోండి. డ్రైవరు నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. చిల్లర నోట్లు ఉంచుకోండి.

లోపల మన గుడి అలవాట్లు కొన్ని సరిపోతాయి, కొన్ని సరిపోవు. ప్రదక్షిణ మనలాగే, గుడి కుడిచేతి వైపు ఉండాలి. టిబెట్ వాళ్లు తిప్పే ప్రార్థనా చక్రాలదీ అదే దిశ. కానీ విగ్రహానికి కుంకుమ అద్దడం, పాదాలు తాకి కళ్లకద్దుకోవడం, కొబ్బరికాయ కొట్టబోవడం వద్దు. మొనాస్టరీల్లో బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీ దిగడం శ్రీలంక వాళ్లకు మహా అపచారం. థాయ్ గుడిలో కూర్చున్నప్పుడు కాళ్లు విగ్రహం వైపు చాపకూడదు, వెనక్కి మడుచుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సంకోచించకుండా కుర్చీ అడగండి, ఇస్తారు.

టిబెట్ మొనాస్టరీలో పూజ జరుగుతుంటే గోడవారగా వెళ్లి వెనక కూర్చోండి. లామాల వరుసల మధ్యలోంచి నడవకండి. వాళ్ల ముందు బల్లల మీదున్న పొడుగాటి విడి కాగితాలే వాళ్ల గ్రంథాలు. పుస్తకం కాలికి తగిలితే కళ్లకద్దుకునే మనకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. బోధివృక్షం చుట్టూ చెక్క పలకల మీద రోజుకు వందల సాష్టాంగాలు చేసేవాళ్లు కనిపిస్తారు. దారి దగ్గరని ఆ పలకలను దాటకండి, తొక్కకండి. రాలిన ఆకు దొరికితే అదృష్టం, కొమ్మ మీది ఆకు మాత్రం తుంచకూడదు. వెన్న దీపాలు వాటికి కేటాయించిన గదుల్లోనే వెలిగించాలి. ఆ గదుల్లోకి వెళ్లే ఆడవాళ్లు చున్నీ, కొంగు దోపుకుని వెళ్లడం మంచిది.

భిక్షువులను ఆడవాళ్లు తాకకూడదు. థాయ్ భిక్షువుకు ఆడవాళ్లు ఏదైనా ఇవ్వాలంటే చేతికి కాక, ఆయన పరిచిన గుడ్డ మీద పెట్టాలి. షేరు ఆటోలో పక్కన ఖాళీ ఉన్నా కూర్చోకండి. ఆయన అవతలికి జరిగితే మనల్ని చీదరించుకున్నట్టు కాదు, అది భిక్షువుగా ఆయన పాటించాల్సిన నియమం.

ఇంకో మాట, కాస్త ఇబ్బందిగానే చెప్తున్నాను. ‘బుద్ధుడు విష్ణువు అవతారమే కదా’ అని మనవాళ్లు మొనాస్టరీ మెట్ల మీద గట్టిగా గైడుకు పాఠం చెప్తుంటారు. ఆ మాట అక్కడ చాలామందిని నొప్పిస్తుంది. 1949 చట్టం ప్రకారం మహాబోధి ఆలయ కమిటీలో నలుగురు హిందువులు, నలుగురు బౌద్ధులు, అధ్యక్షుడిగా జిల్లా కలెక్టరు ఉంటారు. ఆలయం పూర్తిగా తమకే అప్పగించాలని బౌద్ధులు ఏళ్లుగా అడుగుతున్నారు, 2025లోనూ నిరసనలు జరిగాయి. మన నమ్మకం మన మనసులో ఉండనిద్దాం.

డబ్బు దగ్గర మొహమాటం పనికిరాదు. కాషాయం కట్టి, మధ్యాహ్నం వేళ పాత్ర చాచి నోట్లు అడిగేవాళ్లు ఆలయం దారిలో తగులుతారు. థేరవాద నియమం ప్రకారం భిక్షువులు మధ్యాహ్నం భిక్షకు రాకూడదు, డబ్బు ముట్టకూడదు. (టిబెట్ వాళ్ల పద్ధతి వేరు. పెద్ద ప్రార్థనలప్పుడు వరుసలో కూర్చున్న లామాలకు భక్తులు నోట్లు పంచుతారు, అది సబబే.) ఇవ్వాలనుకున్నది మొనాస్టరీ హుండీలో వెయ్యండి, ఎక్కువైతే రసీదు అడగండి. నది అవతల, బుద్ధుడికి పాయసం పెట్టిన సుజాత ఊళ్లో ‘మా బడి చూడండి’ అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు. నిజమైన బడులూ ఉన్నాయి, పిల్లలను కూర్చోబెట్టి చూపించేవీ ఉన్నాయి. అక్కడికక్కడ తేల్చుకోలేం కాబట్టి నగదు ఇవ్వకండి.

మొనాస్టరీ గెస్ట్‌హౌసులో దిగేవాళ్లు ఆధార్ ఒరిజినల్ తీసుకెళ్లండి. రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారో సామాను దించక ముందే అడగండి. లోపల మాంసం, మద్యం, సిగరెట్టు ఉండకూడదు. మద్యం సంగతి మొనాస్టరీ నియమం ఒక్కటే కాదు. బిహార్‌లో 2016 ఏప్రిల్ నుంచి పూర్తి మద్యనిషేధం ఉంది. సూట్‌కేసు అడుగున మరిచిపోయిన సగం సీసా అయినా కేసే. రైలెక్కే ముందే సంచులన్నీ ఒకసారి దులపండి. బావగార్ల సంచులైతే రెండుసార్లు.

బుద్ధుడు జ్ఞానోదయానికి ముందు తపస్సు చేశాడని చెప్పే దుంగేశ్వరి గుహలకు వెళ్లాలనుకుంటే ఉదయమే బయలుదేరి, ఎండెక్కకముందే కొండ దిగండి. ఆటోవాలాకు మొత్తం డబ్బు ముందే ఇవ్వకండి, ఆ కొండ కింద తిరుగు ఆటో దొరకడం కష్టం.