మాటలు తక్కువున్న పిల్లలతో కలిసి చూసే సినిమా ఎలా ఎంచుకోవాలి?

మాటలు తక్కువ, ఆలోచన ఎక్కువ ఉన్న పిల్లల కోసం సినిమా వెతికేటప్పుడు చాలామంది ఒకే పొరపాటు చేస్తుంటారు. కథలో నెమ్మదస్తుడు ఒకడుంటే చాలనుకుని పెట్టేస్తారు. తీరా చూస్తే ఆ సినిమా రెండు గంటలపాటు చెప్పేది 'నువ్వు మారాలి' అని. ఆ మాట పక్కన కూర్చున్న పిల్లలకు సూటిగా తగులుతుంది. ఇలా జరగకూడదనే ఈ పద్ధతి రాస్తున్నాను.

ఏర్పాట్లు

పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఇంట్లో ఉన్న తెర చాలు. ఫోన్లు వేరే గదిలో పెట్టండి. సౌండ్ మామూలుకన్నా కాస్త తక్కువ ఉండాలి. గంటన్నర సినిమా సరిపోతుంది, రెండు గంటలు దాటితే వద్దు. చుట్టాలనూ స్నేహితులనూ పిలవకండి, ఇంటివాళ్లు మాత్రమే ఉండాలి. ఎవరికి నచ్చిన చోట వాళ్లను కూర్చోనివ్వండి. మూల కుర్చీ కావాలంటే మూల కుర్చీయే. చదవడం ఇంకా తడబడే వయసైతే సబ్‌టైటిల్స్ వద్దు, డబ్బింగ్ పెట్టండి.

అసలు పని: ముగింపును ముందే చూడటం

ఇక్కడే అందరూ తప్పుతారు. సినిమా ఎంచుకునే ముందు దాని చివరి ఇరవై నిమిషాలు మీరొక్కరే చూడాలి. ట్రైలర్ చూస్తే సరిపోదు, కథ చదివినా సరిపోదు.

ఎందుకంటే ఒక సినిమా గంటసేపు నెమ్మదైన పాత్రను ఎంతో ప్రేమగా చూపించి, చివరి పది నిమిషాల్లో ఆ పాత్ర చేతికి మైక్ ఇచ్చి వేదిక ఎక్కించగలదు. గొంతు పెగులుతుంది, అందరూ చప్పట్లు కొడతారు, అమ్మానాన్నలు కన్నీళ్లు పెట్టుకుంటారు. చూసే పెద్దలకు అది ఆనందంగానే ఉంటుంది. కానీ అంతవరకు ఆ పిల్ల మౌనంగా ఉండటం ఒక జబ్బు అనీ, ఇప్పుడు నయమైందనీ ఆ ముగింపు చెబుతోంది. రోజూ 'కాస్త మాట్లాడు' అనిపించుకునే పిల్లలకు సినిమా కూడా అదే చెప్పడం అన్యాయం.

చివరి భాగం చూస్తూ మూడు ప్రశ్నలు వేసుకోండి. పాత్ర గెలిచింది మొదటి నుంచీ తనలో ఉన్న గుణంతోనా, లేక కొత్తగా అరువు తెచ్చుకున్న చొరవతోనా? గెలిచాక ఆ పాత్రకు మళ్లీ ఒంటరిగా కూర్చునే చోటు మిగిలిందా? చివరికి మారింది ఎవరు, ఆ పాత్రా, చుట్టూ ఉన్నవాళ్లా? మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. చుట్టూ ఉన్నవాళ్లు కొంచెమైనా మారని సినిమాను నేను పక్కన పెట్టేస్తాను, మీరూ పెట్టేయండి.

2009లో వచ్చిన 'అప్' చూడండి. చిన్నప్పటి కార్ల్ నోరు విప్పడు, ఎల్లీ గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంది. వాడు పెద్దగా మాట్లాడడన్న సంగతి ఆమె గమనిస్తుంది, అందుకే నచ్చాడంటుంది. ఇంతకన్నా ఏం కావాలి? తర్వాత వాళ్ల కాపురం మొత్తాన్ని కొద్ది నిమిషాల్లో, ఒక్క మాట లేకుండా చూపిస్తారు. ఆ భాగంలో ఎల్లీ చనిపోతుంది కాబట్టి మరీ చిన్నపిల్లలుంటే పక్కనే కూర్చోండి.

జపాన్ దర్శకుడు మియజాకి తీసిన 'మై నైబర్ టోటోరో' (1988)లో కాంతా అనే కుర్రాడుంటాడు. వానలో చిక్కుకున్న అక్కాచెల్లెళ్లకు సరిగ్గా ఒక మాటైనా చెప్పకుండా గొడుగు చేతిలో పెట్టి, తాను తడుస్తూ పరుగెత్తిపోతాడు. వాడి చేత ఎవరూ ప్రసంగం చేయించరు. నెమ్మదస్తుల మంచితనం ఎలా ఉంటుందో చూపించడానికి నాకు తెలిసినంతలో ఇంతకు మించిన సన్నివేశం లేదు.

ముఖ్య పాత్రే నెమ్మదస్తుడై ఉండాలన్న పట్టుదల కూడా అవసరం లేదు. 'ఇన్‌సైడ్ అవుట్' (2015)లో రైలీ హాకీ ఆడే హుషారైన పిల్ల, ఆమె మనసులోని ఆనందం, విషాదం లాంటి భావాలే అందులో పాత్రలు. అయినా ఆ సినిమాను నా జాబితాలో ఉంచుతాను. బండి పోయి, రైలీ చిన్నప్పటి ఊహా నేస్తం బింగ్ బాంగ్ కుంగిపోయినప్పుడు ఆనందం నవ్వించబోయి ఓడిపోతుంది. విషాదం మాత్రం పక్కన కూర్చుని వింటుంది, వాడు కాసేపు ఏడ్చి లేస్తాడు. వినడం కూడా ఒక బలమేనని పిల్లలకు కళ్లకు కట్టే చోటు అది.

ఇక జాగ్రత్తలు. భయంతో తలుపు మూసుకోవడం వేరు, ఇష్టంతో ఒంటరిగా ఉండటం వేరు. 'ఫ్రోజెన్' (2013)లో ఎల్సా గదిలో ఉండిపోయేది తనకున్న మంచు మాయాశక్తి వల్ల ఎవరికైనా హాని జరుగుతుందన్న భయంతో. మంచి సినిమాయే, ఇంకో రోజు చూడండి. ఈ పనికి మాత్రం వద్దు, 'చూశావా, తలుపు తీస్తే ఎంత బాగుందో' అనడానికి ఇంట్లో ఎవరో ఒకరు సిద్ధంగా ఉంటారు. 'సాంగ్ ఆఫ్ ద సీ' (2014)లో సోర్షా మాట్లాడదు, కానీ అందుకు కథలో వేరే కారణం ఉంది. ఆమె గొంతు తిరిగి రావడం ఆ కథకు న్యాయమే. మాటలు తక్కువైన పిల్లలకు దాన్ని ఉదాహరణగా చూపిస్తే అర్థం తిరగబడుతుంది.

ఇంకొకటి, అద్భుత శక్తుల సమస్య. నెమ్మదైన పిల్లల్లో ఏదో గొప్ప ప్రతిభ దాగి ఉంటుందని చాలా సినిమాలు చూపిస్తాయి. మామూలు పిల్లలు మౌనంగా ఉండాలంటే ముందు ఏదో సాధించి చూపాలన్నమాట! 1996 నాటి 'మటిల్డా'లోనూ ఆ శక్తులున్నాయి. కానీ చివరికి ఆ పిల్లకు దక్కేది తనను అర్థం చేసుకున్న సౌమ్యురాలైన టీచరుతో ఒక ఇల్లు. అందుకే దాన్ని ఉంచుతాను, మొదటి సినిమాగా మాత్రం కాదు.

మొదటిసారికి దేన్ని పెట్టాలంటారా? 'ఫ్లో' (2024). ఒక్క మాట కూడా లేని సినిమా. ఒంటరిగా తిరిగే పిల్లి వరద వచ్చాక వేరే జంతువులతో ఒకే పడవలో బతకాల్సి వస్తుంది. కలిసి ఉండటం నేర్చుకుంటుంది, అయినా పిల్లి పిల్లిలాగే ఉంటుంది. నీళ్లలో జంతువులు ఆపదలో పడతాయి కాబట్టి చిన్నవాళ్లకు కాస్త టెన్షన్ ఉండొచ్చు.

ఓటింగ్ పెట్టకండి

ఏ సినిమా చూద్దామని ఇంట్లో ఓటు పెడితే గట్టిగా అరిచేవాళ్లదే గెలుపు. మీరు ముగింపు చూసి సరే అనుకున్న మూడు సినిమాలను ముందురోజు ఆ పిల్లకు విడిగా చెప్పండి. జవాబు అప్పుడే అడగకండి. మర్నాటికి చెబితే చాలు. ఆన్‌లైన్ జాబితాలనూ, యాప్‌లు చూపించే సలహాలనూ నేను నమ్మను, వాటిలో ముగింపు గురించి చెప్పేవి చాలా తక్కువ. సెన్సార్ రేటింగ్ చూడండి, కానీ అది హింస గురించి చెబుతుంది గానీ మౌనాన్ని ఎలా చూశారో చెప్పదు.

సినిమా అయ్యాక

'అచ్చం నీలాగే ఉంది కదా' అనకండి. అందరి కళ్లూ ఆ పిల్ల మీదకు తిరిగితే చూసిన సినిమా అంతా వృథా. ఎలా ఉందని కూడా అడగకండి. మాట్లాడాలనిపిస్తే పాత్ర చేసిన పని గురించి పెద్దవాళ్లు మీలో మీరు మాట్లాడుకోండి, వినాలనుకుంటే వింటారు. సినిమా కాగానే లేచి తన గదిలోకి వెళ్లిపోతే వెళ్లనివ్వండి. రెండు రోజుల తర్వాత వేరే ఏదో పనిలో ఉండగా ఆ గొడుగు కుర్రాడి మాట తనంతట తానే తేవచ్చు. అప్పుడు చేస్తున్న పని ఆపకుండానే వినండి.

వచ్చే వారం మళ్లీ అదే సినిమా కావాలంటే అదే పెట్టండి.