గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గణాంకాలను చదవడం ఎలా?

ప్రపంచవ్యాప్తంగా 2020లో సుమారు 6.04 లక్షల మంది స్త్రీలకు కొత్తగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చినట్లు అంచనా వేయగా, 2022 అంచనాల్లో ఆ సంఖ్య 6.6 లక్షలకు చేరింది. ఇంతమాత్రాన వ్యాధి ఉధృతమైందని తేల్చకూడదు. జనాభా పెరిగినా, అందులో పెద్ద వయసువారి వాటా పెరిగినా కేసులు పెరుగుతాయి. పైగా ఇవి అంచనాలు; లెక్కకు ఆధారమైన సమాచారమూ పద్ధతీ ప్రతి విడతకూ మారుతుంటాయి కాబట్టి రెండు విడతలను పక్కపక్కన పెట్టి ధోరణి తేల్చడం పొరపాటు. ఒకే క్యాన్సర్ రిజిస్ట్రీ (ఒక ప్రాంతంలోని క్యాన్సర్ కేసులను నమోదు చేసే వ్యవస్థ) ఏళ్ల తరబడి నమోదు చేసిన వివరాలనే తీసుకోండి.

మొదట చూడవలసింది లక్ష మంది స్త్రీలకు వయసు సవరించి, అంటే జనాభాలో వయసుల వాటాల తేడా ప్రభావం తీసేసి, లెక్కగట్టిన రేటు. సవరణకు ఏ ప్రామాణిక జనాభాను (కొలమానంగా తీసుకున్న వయసుల వాటాలను) వాడారో పట్టిక అడుగున ఉంటుంది. అది వేరైతే రెండు దేశాల రేట్లను పోల్చడం కుదరదు. క్యాన్సర్‌కు ముందు దశలోని మార్పులను ఇందులో కలిపారేమో కూడా గమనించాలి. అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదవ కూర్పులో లోపలి పొరల్లోకి చొచ్చుకుపోయిన క్యాన్సర్‌కు సీ53, పైపొరకే పరిమితమైన దశకు డీ06 అని వేర్వేరు సంకేతాలున్నాయి.

చాలామంది పట్టించుకోనిది హారం. లక్ష మంది స్త్రీలలో 12 కేసులు వచ్చాయనుకుందాం. వారిలో 20 వేల మందికి అంతకుముందే గర్భసంచి పూర్తిగా తీసేసి ఉంటే, వారికి ముఖద్వారమే లేదు గనుక ఈ వ్యాధి వచ్చే అవకాశమూ లేదు. 12ను 80 వేలతో భాగించి చూస్తే రేటు లక్షకు 15 అవుతుంది. ఆ శస్త్రచికిత్సలు ఎక్కువగా జరిగే చోట హారాన్ని ఇలా సవరించని రేటు అసలు ముప్పును తగ్గించి చూపుతుంది.

తర్వాత స్క్రీనింగ్ (లక్షణాలు లేనివారికీ ముందుగానే చేసే పరీక్షల) చరిత్ర తెలుసుకోవాలి. పరీక్షలు కొత్తగా మొదలైన ఏళ్లలో దాగి ఉన్న కేసులు బయటపడి గ్రాఫ్‌లో రేటు గీత పైకి లేస్తుంది. ముందు దశలోనే చికిత్స అందుతున్నకొద్దీ అదే గీత కిందికి దిగుతుంది. తొలి పెరుగుదలను చూసి కార్యక్రమం విఫలమైందని రాసేవారున్నారు, అది తొందరపాటు.

ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హ్యూమన్ పాపిల్లోమా వైరస్ (హెచ్‌పీవీ)ను అడ్డుకునే టీకా ప్రభావాన్ని అంచనా వేయాలంటే క్యాలెండర్ సంవత్సరం కన్నా పుట్టిన సంవత్సరమే నమ్మదగిన ఆధారం. హెచ్‌పీవీ సోకి శరీరంలో నిలిచిపోయాక క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది కాబట్టి, టీకా ఫలితం మొత్తం రేటులో ఆలస్యంగా కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో 2008లో టీకా కార్యక్రమం మొదలైంది. 12, 13 ఏళ్లకు టీకా అందిన తరంలో అంతకుముందు తరాలతో పోలిస్తే ఈ క్యాన్సర్ రేటు 87 శాతం తక్కువని 2021లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. అన్ని వయసులనూ కలిపి గీసిన గీతలో ఇంత తేడా కనబడదు.

చిన్న ప్రాంతాల విషయంలో మరో జాగ్రత్త అవసరం. ఒక ఏడాది 5 కేసులు, మరుసటి ఏడాది 8 వస్తే 60 శాతం పెరిగినట్లు లెక్క తేలుతుంది గానీ, అది కేవలం యాదృచ్ఛికం కావచ్చు. అలాంటి చోట్ల ఐదేళ్ల సగటు తీసుకుని చూడండి.